అర బాండ్లి కొసరు

మా నాన్నకి పేటలో చిల్లర అంగడి ఉండేది. కందిపప్పు తూచి పొట్లం కట్టే ముందు చేత్తో ఇంకొంచెం తీసి వేసేవాడు. అదే కొసరు. తక్కెడ ముల్లు కాస్త ఇటు మొగ్గినా ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, కొసరు పడకపోతే మాత్రం ఆడవాళ్ళు అంగడి ముందు నుంచి కదిలేవారు కాదు. కొసరు వేసే చెయ్యే మంచి చెయ్యి అని నమ్ముతూ పెరిగాను. పెరిగి సివిల్ ఇంజనీరునై, బెంగళూరులో సర్కారు కట్టడాలు కట్టించే ఒక ఆఫీసులో చేరి, పాతికేళ్ళకు పైగా నేనూ కొసరు వేస్తూనే బతికాను. అది కొసరని నాకు తెలియదు. మా ఆఫీసులో దాన్ని భద్రత అంటారు.

ఆమధ్య మా ఆఫీసుకి కార్బన్ పట్టుకుంది. కట్టడానికి వాడే సిమెంటు, ఉక్కు, ఇటుకలు తయారు చేయడంలో ఎంత కార్బన్ గాల్లోకి పోయిందో లెక్కగట్టాలి, ఇచ్చిన హద్దు దాటకూడదు, లెక్క కింద ఇంజనీరు సంతకం పెట్టాలి. దీని మీద మాకు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నిలువెల్లా గాజు తొడుక్కున్న ఒక బిల్డింగులో. మేం నలభై మందిమి నలభై బండ్లలో, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటసేపు పొగ మింగి, పొగ తగ్గించడం ఎలాగో నేర్చుకోవడానికి వెళ్ళాం. లోపల ఏసీ దెబ్బకి నేను పైట భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాను. పాఠం చెప్పినాయన మాత్రం నిజమే చెప్పాడు. సున్నపురాయిని బట్టీలో కాల్చి చేసే సిమెంటే మన కట్టడాల్లో పెద్ద దోషి, దాన్ని ఎంత తగ్గిస్తే అంత మేలు అన్నాడు. ఆ ముక్క రాసుకుని, సమోసా తిని, మళ్ళీ సిల్క్ బోర్డు మీదుగా ఇంటికొచ్చాను.

ఈ కొత్త పద్ధతిలో కట్టాల్సిన మొదటి పని హూడి దగ్గర ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల. రెండు బ్లాకులు, బ్లాకుకి రెండు గదులు. ఎవరికీ అక్కర్లేని పని కాబట్టి నాకొచ్చింది. కాంక్రీటులో సగం సిమెంటు తీసేసి, దాని బదులు ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలే చిట్టెం పొడి కలపాలి. ఆ పొడి తెల్లగా, పిండిలా ఉంటుంది. దానితో చేసిన కాంక్రీటు గట్టిపడుతుంది గానీ నిదానంగా గట్టిపడుతుంది. మన మునిసిపాలిటీ పనుల్లాగే అని నేనంటే మా పెద్ద సారు నవ్వలేదు.

అక్కడి మేస్త్రిది ఆంధ్రా సరిహద్దున బాగేపల్లి వైపు పల్లె. అరవై దాటిన మనిషి. వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్ల పని వదులుకుని ఈ చిన్న పనికి వచ్చాడు. ఎందుకప్పా అని అడిగితే, కట్టబోయే రెండో బ్లాకు వైపు చెయ్యి చూపించాడు.

"మా మనవరాలు ఈ బడికే వస్తాదమ్మా. ఒకటో క్లాసు ఆ గదిలోనే అంట. ఆ పిల్ల నెత్తి మీద కప్పు ఇంగొకడు వేస్తే నాకు నిద్ర రాదు."

తెల్ల పొడి మూటలు దిగినప్పుడు ఆయన ఒక చిటికెడు తీసి వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, నా మొహంలోకి చూశాడు. పెళ్ళిచూపుల్లో వంక దొరకని అత్తగారి చూపు అది. "ఇది సిమెంటా అమ్మా?" అన్నాడు. చిట్టెం గురించి, బట్టీ గురించి, వేడెక్కుతున్న భూమి గురించి శిక్షణలో నేర్చిందంతా అప్పజెప్పాను. తల ఊపుతూ విన్నాడు. మేస్త్రీలు తల ఊపితే సరేనన్నట్టు కాదని ఇంత సర్వీసు చేసిన నాకు తెలిసి ఉండాల్సింది.

మొదటి బ్లాకుకి స్లాబు పోసిన ఏడో రోజున ల్యాబు నుంచి ఫోనొచ్చింది. స్లాబు పోసినప్పుడు అదే కాంక్రీటుతో చిన్న దిమ్మలు పోసి, తర్వాత మిషన్లో పెట్టి పగలగొట్టి బలం చూస్తారు. నాలుగు వారాలకు రావాల్సిన బలం మా దిమ్మలకి వారానికే వచ్చేసిందట. "కంగ్రాట్స్ మేడమ్" అన్నాడు ల్యాబు కుర్రాడు. నాకు మాత్రం అది మంచి కబురులా తోచలేదు. నిదానంగా నడవాల్సింది పరుగెత్తిందంటే ఎవరో ఏదో తినిపించారన్నమాట.

ఆటో పట్టుకుని సైటుకి పోయాను. కాంపౌండు గోడకని విడిగా తెప్పించిన మామూలు సిమెంటు మూటలు ఒక షెడ్డులో ఉండాలి. గోడ ఇంకా మొదలే కాలేదు, మూటలు మాత్రం సగానికి సగం లేవు. మేస్త్రిని పిలిచి అడిగాను. దొంగతనం చేసినవాడైతే నీళ్ళు నమిలేవాడు. ఈయన నిటారుగా నిలబడి చెప్పాడు.

"వేసినానమ్మా. మిక్సరు తిరిగిన ప్రతిసారీ అర బాండ్లి. కొసరు."

బాండ్లి అంటే కాంక్రీటు మోసే ఇనుప తట్ట. దానితో సగం, ప్రతి విడతకీ, పొద్దున్నించి సాయంత్రం దాకా! నేను లెక్కగట్టి, హద్దులో ఉందని సంతకం పెట్టి పంపిన కార్బన్ లెక్కంతా గాలికి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అరిచాను. నీ కొసరు వేసుకోవడానికి ఇది నీ ఇంటి గోడ కాదన్నాను. నోటికొచ్చిన ఇంకో నాలుగు మాటలూ అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన అరవలేదు. తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, నన్ను షెడ్డు నీడలోకి రమ్మన్నాడు.

"ఇరవై ఏండ్లు దాటిందమ్మా. ఇట్లే ఒక సర్కారు బిల్డింగు. ఏ ఊరో అడగద్దండి. కాంట్రాక్టరు ఇచ్చిందాన్ని నేనే కలిపినా, నేనే పోసినా. కింద కొట్టిన సెంట్రింగ్ చెక్కలు ఇప్పుతా ఉంటే సజ్జ ఊడి మా తమ్ముని మీద పడింది. ఆసుపత్రికి పోయే లోపలే పాయె. నాకప్పుడు ఎరుకలేదు, దాంట్లో సిమెంటే లేదని. అప్పట్నించీ ఎవరేం చెప్పినా, నా చేత్తో ఒక కొసరు వేయకుండా నేను కప్పు పోయలేదు. ఇంకేం చేసేదమ్మా?"

వస్తాను అని చెప్పి వచ్చేశాను.

మరుసటి రోజు పెద్ద సారుకి చెప్పాను. ఆయనది బళ్ళారి, తెలుగు కన్నడ కలిపి మాట్లాడతాడు. విన్నాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సర్కారు పనిలో సిమెంటు తిన్నారని కంప్లైంట్లు చూసినా. సిమెంటు ఎక్కువ వేసినారని కంప్లైంటు ఇదే ఫస్టు. సుమ్నె, ఊరికే, పాత లెక్కే ఉండనీ అమ్మా, ఎవరొచ్చి స్లాబు నాకి చూస్తారు?" అన్నాడు. కాదు సార్, తప్పుడు లెక్క కింద నా సంతకం ఉంది అన్నాను. "అయితే మేస్త్రి తప్పని రాసి వాణ్ణి సైటు నుంచి తీసేయ్. ఫైలు క్లీన్ అవుతాది" అన్నాడు.

నిజానికి అది తేలిక దారే. సీటుకొచ్చి రాయడం మొదలుపెట్టాను. మేస్త్రి వల్ల ఎంత కార్బన్ పెరిగిందో రాయాలి కాబట్టి లెక్కకోసం మొదటి బ్లాకు డ్రాయింగు తీశాను. తీస్తే అందులో ఎర్ర సిరాతో నా చేతిరాత కనిపించింది. డిజైనర్ అయిదంగుళాలు చాలన్న స్లాబుని ఆరు చేశాను. దూలాలకి ఇంకో రెండంగుళాలు. పునాది ఇంకొంచెం వెడల్పు. మూడు చోట్లా పక్కనే "ఎందుకైనా మంచిది" అని రాసి, పొట్టి సంతకం కూడా పెట్టాను. దాని కింద పెద్ద సారు సంతకం. నేను పంపిన లెక్కని హద్దు అంచుదాకా నింపింది ఈ అంగుళాలే.

కాలిక్యులేటర్ తీసుకుని రెండూ కట్టాను. ఒకటికి రెండుసార్లు కట్టాను. మేస్త్రి రోజంతా వేసిన అర బాండ్లీలన్నీ కలిపినా, ఒక్క మధ్యాహ్నం ఏసీ గదిలో కూర్చుని నేను వేసిన ఎర్ర సిరాకి సగం కూడా రాలేదు. ఆయన కొసరుకి ఒక చావు కారణం. నా కొసరుకి కారణమేమిటి? రేపేదైనా జరిగితే నన్నెవరూ అడగకూడదు, అంతే. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఎన్ని స్కూళ్ళకి, ఎన్ని ఆసుపత్రులకి, ఎన్ని ఆఫీసులకి ఇలా అంగుళం అంగుళం దానం చేశానో ఆలోచిస్తే తల తిరిగింది.

అందుకే ఉత్తరంలో మేస్త్రి అర బాండ్లి రాశాను, దాని పైన నా అంగుళాలు రాశాను, ఇద్దరిలో పెద్ద దోషిని నేనేనని రాశాను. పెద్ద సారు చదివి, ఎర్ర సిరా కింద తన సంతకం చూసుకుని, కళ్ళద్దాలు మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. ఇక మేస్త్రిని తీసేయాలంటే మా ఇద్దర్నీ తీసేయాలి. అలా ఎవరూ ఎవర్నీ తీయలేదు. నిజం లెక్క పైకి పోయింది. పైనించి జవాబొచ్చింది: హద్దు రెండు బ్లాకులకీ కలిపి, మొదటి దానిలో మించింది రెండో దానిలో తగ్గించండి.

రెండో బ్లాకు, అంటే మనవరాలు కూర్చునే గది. అప్పటికి అక్కడ పునాది గుంతలే ఉన్నాయి. స్లాబు అయిదంగుళాలే, కొసరు లేదు, నీకు ఇష్టముంటేనే చెయ్యప్పా అని మేస్త్రికి చెప్పాను. ఆయన ఆ గుంతలోకి చూస్తూ నిలబడ్డాడు.

"అయితే మా పిల్లని వేరే బడికి పంపిస్తా" అన్నాడు.

"పంపప్పా. మిగతా పిల్లలు?"

ఆయన బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు పనికి రాలేదు. మూడో రోజు వచ్చి, ఏమీ జరగనట్టు, గుంతలో చెత్త పడేసినందుకు కూలీల్ని తిట్టడం మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

స్లాబు పోసే రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా మిక్సరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీ మీద నమ్మకం లేక కాదప్పా అన్నాను. "నాకే లేదమ్మా, మీరు కూర్చోండి" అన్నాడు. మిక్సరు తిరిగినప్పుడల్లా ఆయన చెయ్యి సిమెంటు మూట వైపు పోవడం, మధ్యలో ఆగడం నేను చూశాను. మధ్యాహ్నం నుంచి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రోజంతా ఒక్క బాండ్లి కూడా కొసరు పడలేదు.

దిమ్మలు ఏడో రోజున సగం బలమే చూపించాయి. నాలుగు వారాలకి సరిగ్గా కావలసినంత వచ్చింది. ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కిన పిల్లవాడి బాపతు. కాగితం మీద అంతా బాగానే ఉంది. ఉన్నా, కప్పుని మోస్తున్న సెంట్రింగ్ పలకలు, కట్టెలు ఇప్పే రోజున నేను టిఫిన్ వదిలేసి పొద్దున్నే సైటుకి పోయాను.

కూలీలు పలకలన్నీ తీసి, నడుమ నాలుగు కట్టెలు మాత్రం ఉంచారు. మేస్త్రి అందర్నీ బయటికి పొమ్మన్నాడు. సుత్తి తీసుకుని ఒక్కడే లోపలికి పోయాడు. గడపలో నన్ను చూసి ఆగాడు.

"మీరు రావద్దమ్మా."

అంగుళం తగ్గించింది నేను. బయట నిలబడి చూడటానికి కాళ్ళు ఒప్పుకోలేదు. ధైర్యం కాదది, నిండా భయమే. అయినా లోపలికి పోయి ఆయన పక్కన నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సుత్తి దెబ్బకి ఆఖరి కట్టె పక్కకి ఒరిగి పడింది. దుమ్ము రాలింది. కప్పు కదల్లేదు.

ఆయన తల పైకెత్తి కప్పు ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. అంతసేపు చూశాక సంతోషిస్తాడనుకున్నాను. నా వైపు తిరిగేసరికి ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"సగం సిమెంటుతోనే ఇది నిలబడింది. ఆ పొద్దు మా తమ్ముని మీద పడిన సజ్జకని నా చేతికి ఇచ్చిన దాంట్లో ఎంత తక్కువ ఉన్నిందమ్మా?"

ఎంతో నాకు తెలియదు. తెలిసింది ఒకటే. ఆ బిల్డింగు ఫైలు కూడా ఏదో ఆఫీసు బీరువాలో ఉండే ఉంటుంది. అందులో సిమెంటు పూర్తిగా వేసినట్టే రాసి ఉంటుంది. కింద నాలాంటి ఇంజనీరు సంతకం ఉంటుంది.