గీ గిటార్ నీది కాదు బిడ్డా

పెద్దబాపు పోయాడన్న కబురు నాకు జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్ స్టేజీ మీద తెలిసింది. పొద్దున్నే సౌండ్ సరిచూసుకుంటున్నాం. పెళ్లివాళ్లు ఇంకా కుర్చీలకు గుడ్డలు తొడిగిస్తున్నారు. కోరుట్ల నుంచి అన్న, అంటే పెద్దబాపు కొడుకు, ఫోన్ చేశాడు. "చెల్లె, బాపు పోయిండు. చాయ్ తాగి పండుకున్నడు, మల్ల లేవలే" అన్నాడు. గిటార్ భుజం మీది నుంచి దించి మా ఆర్కెస్ట్రా వాళ్లకు సంగతి చెప్పాను. కీబోర్డ్ వాయించే అబ్బాయి నా బ్యాగు తెచ్చి చేతికిచ్చి, "నువ్వు పో అక్కా. బేస్ గురించి ఫికర్ చెయ్యకు, ఎడమ చేత్తోని నేను సదురుకుంట" అన్నాడు.

పాపం, మంచి మనసుతోనే అన్నాడు. కానీ పెద్దబాపు జన్మంతా పోట్లాడింది ఆ ఎడమ చేతితోనే. కీబోర్డ్‌లు వచ్చాక ఏయే ఆర్కెస్ట్రాలు బేస్ గిటార్ మనిషిని ఇంటికి పంపి, ఆ పనిని కీబోర్డ్ ఎడమ చేతికి అప్పజెప్పాయో ఊళ్ల పేర్లతో సహా చెప్పి తిట్టేవాడు. ఆయన పోయిన రోజే నా చోటు కూడా ఎడమ చేతికి పోయింది. తెలిస్తే నన్ను వారం దాకా వదిలిపెట్టేవాడు కాదు. బస్సులో కోరుట్ల దాకా ఏడుస్తూ పోయాను. ఈ మాట గుర్తొచ్చి మధ్యలో ఒకసారి నవ్వాను కూడా. పక్క సీటామె నన్ను అదోలా చూసి కిటికీ వైపు జరిగింది.

బేస్ గిటార్ అంటే తెలియనివాళ్లుంటారు, వాళ్లకొక మాట. చూడ్డానికి మామూలు గిటార్ లాగే ఉంటుంది. మెడ ఇంకా పొడుగు, తీగలు లావు, నాలుగే ఉంటాయి. పాట అడుగున వినిపించే ఆ మందమైన మోత దానిదే. వింటున్నవాళ్లకు దాన్ని వింటున్నామని తెలియదు. పెళ్లి వీడియోలో పాడేవాళ్లు పడతారు, డ్రమ్స్ వాయించేవాడు పడతాడు, వెనక నిలబడ్డ మేం పడం.

మా వాళ్లంతా తాళ్లచెట్లు ఎక్కి కల్లు గీసినవాళ్లు. పెద్దబాపు కూడా మీసం రాకముందే మోకు కట్టి చెట్టెక్కాడు. తర్వాత మా దిక్కు చాలామందిలాగే గల్ఫ్ పోయాడు. అక్కడొక హోటల్లో గిన్నెలు కడిగే పని. ఆ హోటల్లో సాయంత్రాలు పాటలు వాయించే బృందం ఉండేదట. అందులో బేస్ వాయించే ఫిలిప్పీన్స్ ఆయనకూ మా పెద్దబాపుకూ ఒకటే గది. ఒకరి భాష ఒకరికి రాదు. సెలవు రోజు చేసే పనేం లేక ఆయన నేర్పాడు, చేసే పనేం లేక ఈయన నేర్చుకున్నాడు.

తిరిగొచ్చినప్పుడు ఒక పొడవాటి పెట్టె తెచ్చాడు. వాడకట్టంతా చేరింది. గల్ఫ్ పెట్టె తీస్తే దుప్పట్లు ఉండాలి, సెంటు సీసాలు ఉండాలి. ఇందులోంచి గిటార్ బయటపడింది. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేంది, నాలుగే తీగెలున్నయ్? సినిమాల ఆరుంటయ్ గదా! నిన్ను మంచిగ మోసం చేసిండ్రు పో" అందట. మిగతా రెండు తీగలు ఏం చేశావని పిల్లలమంతా ఆయన్ని చాలా ఏళ్లు ఏడిపించాం. ఆయన మాత్రం ఆ నాలుగు తీగలతోనే కోరుట్ల ఆర్కెస్ట్రాలో చేరి, మెట్‌పల్లి నుంచి కోనరావుపేట దాకా పెళ్లిళ్లన్నీ వాయించాడు.

మా బాపు, అంటే పెద్దబాపు తమ్ముడు, సాంచెల పనికి సిరిసిల్ల వచ్చాడు కాబట్టి నేను అక్కడ పెరిగాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. సెలవులొస్తే కోరుట్లకు పరుగు. అక్కడ నేను పెద్దబాపు గిటార్ చుట్టూ తిరిగేదాన్ని. నేర్పమంటే ముందు పట్టుకోవడం నేర్పాడు. నేను మెడను పిడికిలితో బిగించేదాన్ని. ఆయన నా బొటనవేలు తీసి పక్కన పెట్టేవాడు. "బొటనేలు లేదనుకో. మిగిలిన ఏళ్లతోనే వాయించు" అనేవాడు.

"జారిపోతది పెద్దబాపూ."

"పోదు. నాకు సుత గదే గండమైంది. తాడెక్కినోడు పట్టు ఇడువడు, ఇడిస్తె పానం పోతది. గా పట్టే దీనికి పట్టిన. గా ఫిలిప్పీన్ ఆయన నా చెయ్యి సూసి తల కొట్టుకున్నడు. గిది తాళ్లచెట్టు కాదు బిడ్డా, ఇడిస్తె కింద పడవు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు అదే మాట అప్పజెబుతున్నాను. తాళ్లచెట్టు ఎప్పుడూ ఎక్కని పిల్లలకు కూడా అది అర్థమవుతోంది.

కుడిచేతికి వేరే పాఠం. నేను హుషారుగా తీగను లాగి కొడితే ఆయనకు కడుపు నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టేవాడు. "చేత్తోని కొట్టకు. స్పీకర్ బాక్సు ఆవాజ్ పెంచుకో, తీగెను మెల్లగ ముట్టు. బలం బాక్సుది, నీది కాదు" అనేవాడు. మోగిన తీగను ఎప్పుడు ఆపాలో తెలియడమే సగం వాయింపు అని కూడా చెప్పేవాడు. ఆ సగం నాకు వచ్చేసరికి పెళ్లీడు వచ్చింది.

ఒకసారి గిటార్‌తో సహా సిరిసిల్లలో మా ఇంటికి వచ్చాడు. పక్కింట్లో సాంచెలు నడుస్తున్నాయి. వాటి టకటక మీద తాళం వేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మెచ్చుకుంటాడని ఆయన ముందు అలాగే వాయించాను. కాసేపు విని, గిటార్ తీసుకొని పక్కన పెట్టాడు. "సాంచె తన కోసం నడుస్తది బిడ్డా, పక్కదాని కోసం ఆగది. నువ్వు పాడెటోని కోసం నడువాలె. వాడు ఊపిరి తీస్కుంటె ఆగాలె" అన్నాడు. నాకు ఆ రోజు ఉక్రోషం వచ్చింది. గాయకుడి వెన్ను చూస్తూ వాయించే అలవాటు మాత్రం అప్పటి నుంచే వచ్చింది.

ఆయన కొత్త తీగలు కొనేవాడు కాదు. పాతవి మూగబోతే ఊడదీసి నీళ్లలో ఉడకబెట్టేవాడు. జిడ్డు పోయి మళ్లీ గొంతు వస్తుంది. దీనికి పెద్దమ్మ పాలగిన్నే కావాలి, ఇంకేదీ సరిపోదు. ఆమె పొలం నుంచి వచ్చి మూత తీసి, "ఏం కూర?" అనేది. "నాలుగు తీగెల పులుసు" అనేవాడు ఈయన. తర్వాత ఆమె అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ పూట చాయ్ ఎవరికీ దొరికేది కాదు.

పెళ్లిళ్లలో ఎవరో ఒకరు స్టేజీ వెనక్కి వచ్చి, "నువ్వేం చేస్తున్నవ్ పెద్దమనిషీ?" అని అడిగేవాళ్లు. "అన్నం కోసం నిలవడ్డ" అని జవాబిచ్చేవాడు. వాళ్లు నిజమే అనుకొని తలూపి వెళ్లేవాళ్లు. నాకు కోపమొచ్చేది. ఆయనకు వచ్చేది కాదు, ఎడమ చేతుల మీద తప్ప ఆయనకు ఎవరి మీదా కోపం రాదు.

కాలేజీలో ఉన్నప్పుడు ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "పెద్దబాపూ, గీ గిటార్ నాకిస్తవా?"

ఆయన వెంటనే, "గీ గిటార్ నీది కాదు బిడ్డా" అన్నాడు.

ఎంత మెత్తగా అన్నా గుండెలో ముల్లు దిగింది. అన్నకు పాటంటే పడదు, మొబైల్ దుకాణం చూసుకుంటాడు. అయినా కొడుకు కొడుకే కదా, వాడి కోసమే దాస్తున్నాడనుకున్నాను. ఆ గిటార్ నాకు రాదన్న బాధ చాలా ఏళ్లు నాతో ఉంది.

ఆయన గమనించింది వేరు. ఆ గిటార్ బరువు, మెడ వెడల్పు. దాన్ని వాయించిన రోజు నా ఎడమ మణికట్టు గుంజేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు నేను నీళ్ల చెంబును రెండు చేతులతో ఎత్తడం చూశాడు. నాకు స్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగం రాగానే, నన్ను హైదరాబాద్‌లో గిటార్లు అమ్మే దుకాణానికి తీసుకుపోయాడు.

ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఒకటి మనసులో పెట్టుకున్నాను. నల్లది, ఐదు తీగలది. దుకాణం అబ్బాయి వాయించమని ఇచ్చాడు. పెద్దబాపు ఆపాడు. "వాయించి ఏం సూస్తవ్? దుకాణంల అన్నీ మంచిగనే మోగుతయ్. మోసి సూడు" అని, దాన్ని నా భుజానికి తగిలించి, ఎదురుగా చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. అంత నిదానంగా చాయ్ తాగిన మనిషిని నేను చూడలేదు. తిరిగొచ్చేసరికి నేను ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను, ఎడమ చేత్తో మెడను కిందికి వాలకుండా మోస్తున్నాను.

అప్పుడాయన మూలకు వేలాడుతున్న పొట్టి మెడ గిటార్ చూపించాడు. నా ముఖం వాడిపోయింది. "గది చిన్నపిల్లలది" అన్నాను.

"నువ్వు ఎవలకు సూపియ్యాలె? స్టేజి ఎనుక నిలబడ్తవ్. అక్కడ నిన్నెవలు సూస్తరు?" అన్నాడు. దుకాణం అబ్బాయి నవ్వాపుకోలేక లోపలికి పోయాడు.

ఇప్పటికీ దానితోనే వాయిస్తున్నాను. పొద్దంతా వాయించినా చెయ్యి నా మాట వింటుంది. ఆయన ఆ రోజు ఆ మూలకు వేలు చూపించకపోతే నేను ఎప్పుడో మానేసేదాన్ని. ఈ జన్మకు ఆ రుణం తీరదు.

కానీ మనసు ఉంది చూశారూ, అది ఆ పాత గిటార్‌ని వదల్లేదు. పెద్దకర్మ అయిన మర్నాడు పెద్దమ్మ గిటార్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "గిది నువ్వే తీస్కపో బిడ్డ. నీకు తప్ప ఎవలకు అస్తది?" అంది. అన్న కూడా తలూపాడు. ఇన్నేళ్ల ముల్లు ఒక్కసారిగా ఊడినట్టయింది. ఆయన గదిలో కూర్చొని వాయించాను. చెక్కలోంచి వచ్చే ఆ మోత నా కడుపుకు తగులుతోంది. ఏడుస్తూ వాయించాను. కొన్ని పాటలకే మణికట్టు లాగడం మొదలుపెట్టింది. ఇంకా బిగించి వాయించాను. ఇంకా లాగింది.

అప్పుడు ఆపాను. ఆ రోజు నాకు ఇవ్వనన్నది ఇష్టం లేక కాదని, ఆ ఇష్టంతోనే అన్నాడని చేతికి నొప్పి పుట్టాక గాని నా బుర్రకెక్కలేదు. దీన్ని సిరిసిల్ల తీసుకుపోతే ఏం చేస్తాను? వాయించలేను. ప్రేమ పేరుతో మూలన పెడతాను.

వరండాలో మల్లాపూర్ నుంచి వచ్చిన ఆటో డ్రైవర్ ఉన్నాడు. పొడుగ్గా, చేతులు మోకాళ్ల దాకా ఉన్నట్టుండే మనిషి. చివరి రెండు మూడేళ్లుగా పెద్దబాపు దగ్గర నేర్చుకుంటున్నాడట. సొంత గిటార్ లేదు, వాళ్ల ప్రార్థన మందిరంలోది అడిగి వాయిస్తాడు. అంత్యక్రియల రోజు నుంచి చుట్టాలను ఆటోలో తెస్తూ దింపుతూ ఉన్నాడు. అతన్ని పిలిచి గిటార్ ఇచ్చాను.

"ముట్టాల్నా అక్కా?" అన్నాడు.

"వాయించు తమ్మీ."

భుజానికి తగిలించుకున్నాడు. పెద్దబాపు పెట్టుకున్న బెల్టు పొడవు అతనికి సరిగ్గా సరిపోయింది. వాయించాడు. గొప్పగా ఏం కాదు, తడబడ్డాడు. కానీ చెయ్యి బిగించలేదు. అంత పెద్ద మెడ అతని అరచేతిలో నిద్రపోతున్నట్టుంది. ఇతనికే ఇద్దామన్నాను.

అన్న మండిపడ్డాడు. "బయటోనికా? బాపు పానం గది. ఫోటో పక్కన గోడకు తలిగిద్దాం."

"అన్నా, సూసుకునేటందుకు తెచ్చిండా పెద్దబాపు దాన్ని?"

"నీకిస్తమంటె నువ్వే అద్దంటివి!"

"నాకు కావాల్నని ఎంత ఉన్నదో నీకు తెల్వది. మొయ్యలేను అన్నా, నా చెయ్యి మొయ్యలేదు" అన్నాను. అన్న నా మణికట్టు వైపు చూసి, పెద్దమ్మ వైపు తిరిగాడు.

పెద్దమ్మ డ్రైవర్‌ని అడిగింది. "దినాం వాయిస్తవా?"

"వాయిస్త అమ్మా. పొద్దుగాల ఆటో తీసుడుకు ముందు గంటసేపు వాయిస్త."

"మీ ఆడామె తిట్టదా?"

"తిడ్తది."

పెద్దమ్మ ముఖంలో అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వు కనిపించింది. "తిట్టనీ. తిట్టుకుంటనే పాట ఇంటది" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తీస్కపో కొడుకా. గీ ఇంట్ల ఇగ దాన్ని తిట్టెటోళ్లు లేరు."

పెట్టె తాళం పోయి మూత పడడం లేదు కాబట్టి అతను గిటార్‌ని పాత దుప్పట్లో చుట్టి, ఆటో వెనక సీటులో నిలువుగా కూర్చోబెట్టాడు. నేనూ పెద్దమ్మా వాకిట్లో నిలబడ్డాం. ఆటో సందు చివర ఆగింది. కూరగాయల సంచులతో ఇద్దరు ఆడవాళ్లు చెయ్యి ఎత్తారు. లోపలికి తొంగి చూశారు, డ్రైవర్‌ని ఏదో అడిగారు, అతనేదో చెప్పాడు. సంచులు కింద పెట్టి చెరో పక్కన ఎక్కారు. కుదుపుకు గిటార్ ఒరగబోతే ఒకామె దాని మీద చెయ్యి వేసి తన వైపు ఆనించుకుంది. ఆటో మల్లాపూర్ రోడ్డుకు తిరిగింది.