పెద్దమ్మ ఊకె కూసున్న మధ్యాహ్నాలు

డిసెంబరు రెండో ఆదివారం. పొద్దున్నే హాస్టల్లో నా ఫోన్ మోగింది. అవతల పెద్దనాన్న గొంతు వినగానే ఆశ్చర్యపోయాను. ఆయన తనంతట తాను ఎవరికీ ఫోన్ చేయడు. ఎవరైనా కలిపి చేతికిస్తే, చెవికి దూరంగా పట్టుకుని రెండు మాటలు అరిచి తిరిగి ఇచ్చేస్తాడు.

“బిడ్డా, పరీక్షలు అయిపోయినయా?”

“నిన్ననే అయినయ్ పెద్దనాన్నా. ఎందుకు?”

“మీ పెద్దమ్మ లేదే. బుధవారమే పోయింది. జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నది, ఇగ లేవలే. నీ పరీక్షలు పాడైతయని చెప్పొద్దన్నరు అందరు. నాకు ఉండబుద్ధి కాలే.”

బుధవారం నేను మెదడు గురించిన ప్రశ్నకు అదనపు కాగితం అడిగి మరీ జవాబు రాశాను. రాస్తున్నంతసేపూ నా కళ్ల ముందు ఉన్నది పెద్దమ్మే. ఆ గంటలోనే ఊళ్లో ఆమెను మట్టి చేస్తున్నారు.

మా అమ్మకు ఆమె అక్క. ఊరు టేకులపల్లి దగ్గర, అడవి అంచున. అమ్మానాన్నలు ఇల్లందులో పనికి పోతుంటే, నేను పదో తరగతి దాకా పెద్దమ్మ ఇంట్లోనే పెరిగాను. పెద్దనాన్న రోజూ అడవి అంచున మేకలు కాసేవాడు. ఎండాకాలం పెద్దమ్మ చీకటితోనే అడవికి పోయి, బీడీలు చుట్టే తునికాకు తెచ్చేది. ఆకు మీద ఆకు పేర్చి కట్టలు కట్టేది. అది అయ్యాక గడప దగ్గర కాళ్లు చాపుకుని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చునేది.

“ఏం ఆలోచిస్తున్నవ్ పెద్దమ్మా?” అని అడిగితే ఒకటే జవాబు. “ఏం లేదే. ఊకె కూసున్న.”

కానీ ఆ కూర్చోవడం నుంచి లేచాక ఆమె తిన్నగా ఎక్కడికో నడిచేది. పొద్దుటి నుంచి కనబడని కొడవలి చేతిలో పట్టుకుని వచ్చేది. “ఎతుకుతుంటే దొరకదే. జర ఊకె కూసుంటే అదే యాదికొస్తది” అనేది. నేను నవ్వేదాన్ని.

రెండేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. నన్ను అమ్మ పేరుతో పిలిచేది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు, ఇది పూర్తిగా నయమయ్యేది కాదని, వీలైనంత మాట్లాడిస్తూ ఉండమని చెప్పారు. నేను అప్పుడే డిగ్రీలో చేరాను. ఆయన చెప్పిన ఒక్క మాటను నేను పెద్ద చదువు చేశాను. ఒక నోటుబుక్కు కొన్నాను. సెలవులకు పోయినప్పుడల్లా ప్రశ్నలు. ఇవాళ ఏం వారం? నిన్న ఏం తిన్నావు? ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టు. ఆమె ఖాళీగా కూర్చుందంటే మెదడుకు తుప్పు పడుతోందని నా భయం. వెంటనే పోయి ఎదురుగా కూర్చునేదాన్ని.

“పోలీసోళ్లు గూడ గిన్ని అడగరు గదే” అని నవ్వేది మొదట్లో. “నీకు ఎరుకైనయే నన్నెందుకు అడుగుతున్నవ్?” అని ఎదురు ప్రశ్న వేసేది.

మొన్న దసరా సెలవుల్లో మాత్రం నవ్వలేదు. “జర ఊకె కూసోనియ్యి బిడ్డా” అంది.

“ఇంక ఐదే పెద్దమ్మా” అన్నాను.

ఆమె లేచి ఇంటి వెనక కట్టెల మోపుల చాటుకు పోయి కూర్చుంది. నేను నోటుబుక్కు పట్టుకుని అక్కడికీ పోయాను.

నవంబరులో కాలేజీలో మా మేడమ్ మెదడు పాఠం చెప్పారు. మనిషి ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడు మెదడు పడుకోదట. దూరదూరంగా ఉన్న భాగాలు జట్లుగా కలిసి, ఒకే లయలో చురుకెక్కుతూ తగ్గుతూ ఉంటాయట. ఒక జట్టు లోపలి సంగతులు, పాత జ్ఞాపకాలు తడుముతుంటుంది. మరో జట్టు బయటి పని చూస్తుంది. పని మీద పడగానే మొదటిది సాధారణంగా వెనక్కి తగ్గుతుంది. ఇంకో జట్టు ఈ రెండింటి మధ్య మార్పును నడిపిస్తుంది. మతిమరుపు జబ్బులో ఈ జట్ల మధ్య పొత్తు సడలిపోతుంది. “అయితే, వీటిని చూసి ఒక మనిషి మనసులో ఏముందో చెప్పలేం” అని కూడా అన్నారు. పాఠమంతా నేను రాసుకోలేదు. కట్టెల మోపుల చాటే గుర్తొచ్చింది. పరీక్షలు అయిపోగానే పోయి, ఈసారి ఆమెను ఆమె మానాన కూర్చోనిద్దామనుకున్నాను.

ఈ మధ్యాహ్నం ఊరు చేరాను. పెద్దనాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చుట్టూ చుట్టాలు. “లే బావా, రెండు ముద్దలు తిను.” “గట్ల కూసుంటే ఎట్ల మామా, మాట్లాడు.” ఆయన ఎవరి వైపూ చూడడం లేదు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. “నిన్నటి సంది ఏం తినలే. నువ్వన్న మాట్లాడియ్యి. మెదడు సదువు సదువుతున్నవ్ గద.”

పక్కన కూర్చున్నాను. మాట్లాడించడానికి కాదు, ఆగలేక అడిగాను. “పెద్దనాన్నా, పెద్దమ్మకు నా మీద కోపమొచ్చిందా?”

ఆయన నా వైపు తిరిగాడు. “కోపమా? నువ్వు పోయినంక రోజు పొద్దుగాల్నే నన్ను లేపేది. ‘ఇయ్యాల ఏం వారం? పిల్లొస్తే చెప్పాలె’ అనేది. చెప్తే మల్ల మర్చిపోయేది.”

“భయపడి అడిగిందా, నేనొస్తనని సంబురంతోనా?”

“నాకేం ఎరుక బిడ్డా.”

ఇక ఎవరికీ తెలియదు. అమ్మ గుమ్మంలో నిలబడి, ఇంకా మాట్లాడించమని సైగ చేస్తోంది. నా దగ్గర ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు. ఎంతసేపు అలా ఉన్నామో, చివరికి ఆయనే ఒక మాట అన్నాడు. “బుధవారం సంది మేకలు కొట్టంలనే ఉన్నయి. ఆకు కోసుకొచ్చి ఏస్తున్నరు.”

రేపు పొద్దున్నే ఆయన వాటిని అడవి అంచుకు తోలుకుపోతాడు. ఆయన్ని ఎవరూ ఆపొద్దని నేను అమ్మకు చెప్పాను. నేనూ వెంట పోతాను. ఆయన ఎక్కడ కూర్చుంటే, కాస్త ఎడంగా నేనూ అక్కడే కూర్చుంటాను.