ఎండ కన్నెరగని బాలింత

తిరుపతిలో మెడిసిన్ పీజీ చేసే రోజుల్లో నన్ను చూసి రోగులు ధైర్యం తెచ్చుకునేవారు కాదు. వాళ్లను చూసి నేనే తెచ్చుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి ఒక బాలింతను జీపులో తెచ్చారు. కాన్పు ఇంట్లోనే అయిందట, మగబిడ్డ, వాడు బాగానే ఉన్నాడట. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మెడదాకా దుప్పటి. ఒళ్లు కాలిపోతోంది, వాంతులు, విరేచనాలు, బీపీ పాతాళంలో. ఆమె నాడి నాకు అందడం లేదు, జబ్బు అంతకన్నా అందడం లేదు. టైఫాయిడ్ అనుకున్నాను, మలేరియా అనుకున్నాను, బాలింత జ్వరమూ అనుకున్నాను. అనుకోవడానికి ఖర్చేముంది?

సెలైన్ పెట్టి దుప్పటి తీయబోతే ఆమె తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు డాక్టరమ్మా, గాలి సోకతాది."

"గాలి సంగతి నేను సూసుకుంటాలేమ్మా."

తీశాను. ఒళ్లంతా ఎర్రగా, నడివేసవిలో చెనిక్కాయ చేలో రోజంతా వంగి పనిచేసినట్టు కందిపోయి ఉంది. కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

"ఎండలో పనికి పంపినారా?"

తల్లికి రోషం వచ్చింది. "ఏం మాటమ్మా అది! కాన్పయినాక ఎండ పొడ గూడా సోకనీలేదు నా బిడ్డకు. కిటికీకి గోనె కట్టినా. నువ్వేం డాక్టరువు?"

నాకు నేను రోజూ వేసుకునే ప్రశ్నే. కానీ ఎండే రాని గదిలో ఒళ్లు ఎలా కందింది? జ్వరం, పడిపోయిన బీపీ, ఈ ఎరుపు... టాక్సిక్ షాక్! ఒంట్లో ఎక్కడో తిష్ఠ వేసిన సూక్ష్మజీవి నెత్తురులోకి విషం వదులుతుంది. లోపల మరిచిపోయిన దూదో గుడ్డో దానికి మంచి కాపురం.

"చెవుల్లో దూది సరే. ఇంకా యాడన్నా పెట్టినారా?"

ఆమె మగవాళ్లంతా పక్కకు పోయేదాకా ఆగి, గుసగుసగా చెప్పింది. "నెత్తురు నిలవలేదని లోపల గుడ్డ చుట్ట పెట్టినాము. కాన్పు చేసిన ముసిలామె తీసిందనుకుంటి నేను. నేను తీసినాననుకునింటాది ఆమె."

తెర కట్టించి, కాన్పుల డాక్టరమ్మను పిలిచి ఆ గుడ్డ తీయించాం. వాసన సంగతి రాయను, అన్నం తింటూ చదివేవాళ్లుంటారు. సెలైన్ సీసాలు పరుగెత్తించాం. బీపీ నిలబెట్టే మందు, సూక్ష్మజీవిని చంపే మందు, అది విషం తయారుచేయకుండా ఆపే క్లిండమైసిన్ అన్నీ ఎక్కించాం. మరునాటికి బీపీ నిలబడి, కిడ్నీలు తేరుకుని, గొట్టంలో మూత్రం ధారగా దిగింది. దాన్ని చూసి చప్పట్లు కొట్టే వృత్తి మాదొక్కటే!

వారం దాటాక తల్లి వార్డులోంచి పరుగెత్తుకొచ్చింది.

"డాక్టరమ్మా, అరిచేతులు పాము కుబుసం మాదిరి ఊడొస్తాండాయి!"

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "ఊడనీమ్మా! ఆ జబ్బేనని అదే సాక్ష్యం. ఓడిపోయి పోతాండాది."

"తోలు ఊడొస్తాంటే నవ్వతాండావు, నీకేమన్నా పిచ్చా?"

మంచం మీంచి కూతురు తల్లిని కసిరింది. "మేయ్, ఆయమ్మను తిట్టింది సాలు. నా బిడ్డను ఈడికి తే."

బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టారు. పొట్టు రాలిన ఆ చేతులతోనే ఆమె వాణ్ణి పైకెత్తి, వార్డంతా వినపడేలా ముద్దు పెట్టింది.