వీరేశ్ తప్పిన మొదటి పరీక్ష

2023 జూన్. ఆదోనిలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఎమ్మిగనూరు నుంచి వీరేశ్‌ను అతని భార్య నాగవేణి తీసుకొచ్చింది. ఒకప్పుడు ముంబైలో, జీతాలిచ్చి ఆడించే ఒక రగ్బీ క్లబ్‌లో నేను ఫిజియోని, అతను ప్రాప్. స్క్రమ్ అంటే రెండు జట్లవాళ్లూ తలలు దూర్చి ఒకరినొకరు నెట్టుకోవడం. అందులో ముందు వరుసలో మెడ ఒడ్డి నిలబడేవాడే ప్రాప్. మోకాళ్లు అరిగి ఆట మానేశాక, ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేరాడు.

ఇప్పుడు ఆ ఉద్యోగానికే ముప్పు వచ్చింది. నడుస్తూ తూలుతున్నాడు, చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. తాగి వస్తున్నాడని బడివాళ్లు తేల్చేశారు.

"సుక్క ముట్టడన్నా ఈయన," అంది నాగవేణి. "తలకు దెబ్బలు తగిలి ఇట్లయిందని క్లబ్బోళ్లు కాగితమిస్తే, స్టోరు రూములోనన్నా కూసోబెడతామంటాండారు. ల్యాకుంటే ఈ నెలతో సరి."

క్లబ్‌కు అప్పటికే రాయించిందట. జవాబు ఫోన్‌లో చూపించింది. మొదటి ఏడాది పరీక్షకూ చివరి ఏడాది పరీక్షకూ తేడా లేదు కాబట్టి, ఆటవల్ల వచ్చిన జబ్బని చెప్పలేమన్నారు.

ఆ మొదటి పరీక్షను బేస్‌లైన్ టెస్ట్ అంటారు. ఆటగాడు క్లబ్‌లో చేరగానే ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అప్పజెప్పమంటారు. ఆ మార్కులు దాచుకుంటారు. ఆటలో తల అదిరితే, దాన్నే కంకషన్ అంటారు, మళ్లీ అదే పరీక్ష. మార్కులు తగ్గినవాణ్ణి బయట కూర్చోబెడతారు, అతని చోటు ఇంకొకడికి పోతుంది. అందుకే ముదుర్లు మొదటిసారే కావాలని తప్పు చెప్పేవాళ్లు. తరువాత ఎంత దెబ్బ తగిలినా మార్కులు తగ్గినట్టు కనబడదు.

వీరేశ్‌కు ఈ కిటుకు తెలియదు. ఆదోని పత్తి మార్కెట్‌లో బోరాలు మోసే హమాలీ కొడుకు, మన వైపువాడు, నాలుగు కాలాలు నిలబడాలనుకున్నాను. పరీక్ష గదిలోకి పోయే ముందు, "మూడు సెప్పి ఊరుకోప్పా" అని చెవిలో వేసింది నేనే. బుద్ధిగా మూడే చెప్పాడు.

ఇప్పుడు క్లినిక్‌లో అదే పరీక్ష మళ్లీ పెట్టాను. గొడుగు, పాలు, కిటికీ, ఇటుక, గుర్రం. ఐదు నిమిషాలాగి అడిగితే, కళ్లు మూసుకుని, నుదురు కొట్టుకుని మూడు చెప్పాడు. ఈసారి ఐదూ చెప్పాలనే చూశాడు.

"అప్పుడు కావాలనే తప్పు సెప్పినావు గదప్పా?" అన్నాను.

"అవునన్నా. అట్ల సెప్పమని ఎవరో సెప్పినారు. పేరు గుర్తుకొస్తాలేదు. మనోడే. ఆయప్ప పుణ్యాన శానా ఏండ్లు ఆడినా."

నాగవేణి నావైపు తిరిగింది. "ఆయప్ప ఎవరో నీకు తెల్సా అన్నా? నేనే సెప్పినానని ఆయప్ప ఒక ముక్క రాసిస్తే సాలు గదా."

తెలియదన్నాను. బోర్డు మీద నా పేరుంది, ఊళ్లో పరువుంది. పిరికితనం అనుకోండి, అది పిరికితనమే. మొదటి మార్కులు నమ్మదగినవి కావని మాత్రం లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. ఎందుకు నమ్మకూడదో రాయలేదు. బడివాళ్లు సరిగ్గా ఆ మాటే అడిగి కాగితం వెనక్కిచ్చారు. జూలైలో కొత్త పీఈటీ వచ్చాడు. ఎమ్మిగనూరులో వీరేశ్ ఇప్పటికీ తాగుబోతే.

పేరు చెప్పుకోలేని సాయం ఎవరికీ చేయకూడదని ఈ కేసు నాకు నేర్పింది. నేర్చుకున్నాక కూడా నేను బాగుపడింది లేదు. పోయిన వారం వీరేశ్ మెడనొప్పని వచ్చి బల్ల మీద బోర్లా పడుకున్నాడు.

"ఆయప్ప పేరు గుర్తొస్తే మొదట నీకే సెప్తానన్నా," అన్నాడు.

గుర్తు రాకూడదని కోరుకుంటూ అతని మెడ నొక్కాను.