నాలుగో ట్యాంకూ, నా ముక్కూ

అమ్మానాన్నలు నాకొక పేరు పెట్టారని మా ఆయిల్ డిపోలో హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ నేను ముక్కుగారిని. మూడంతస్తుల ఎత్తున్న పన్నెండు ఇనప ట్యాంకుల చుట్టూ వారానికోసారి తిరిగి, ఎక్కడా చుక్క కారడం లేదని రాసివ్వడం నా ఉద్యోగం.

ఆ పేరెలా వచ్చిందో చెబుతాను. పదేళ్ల కిందట ఒక ఉదయం మేనేజరు ఎదుట నిలబడి, గాలి పీల్చి, "ఆరో ట్యాంకు వాల్వు దగ్గర కారుతోంది సార్" అన్నాను. వెళ్లి చూస్తే నిజంగానే కారుతోంది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, అంతకు పావుగంట ముందు నేను ఆ వాల్వు దగ్గరే జిడ్డులో కాలు జారి చతికిలబడ్డాను. పడ్డానని చెప్పడానికి సిగ్గేసి, వాసన వచ్చిందన్నాను.

పోనుపోను నేనూ దాన్ని నమ్మేశాను. తనిఖీ కాగితంలో ఇరవై రెండు గళ్లుంటాయి. మోకాళ్ల మీద కూర్చుని, ట్యాంకు అడుగున అతుకు వెంట తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. కింది సిమెంటు దిమ్మె పగిలిందేమో చూడాలి. నూనె కారినా బయటికి పోకుండా చుట్టూ కట్టిన అడ్డుగోడకు బీటలున్నాయేమో చూడాలి. నేనేమో చేతులు వెనక్కి కట్టుకుని, తోట చూడ్డానికొచ్చిన పెద్దమనిషిలా ఒక చుట్టు తిరిగి, రెండుసార్లు ఎగబీల్చి, కుర్చీలో కూర్చుని ఇరవై రెండు టిక్కులూ పెట్టేసేవాణ్ణి. టిక్కులు మాత్రం ముత్యాల్లా ఉండేవి.

ఈమధ్య పది రోజులు జలుబు చేసింది. అది పోతూ పోతూ వాసన తెలియడాన్ని కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి నాకన్నా ముందు మా ఆవిడకే తెలిసింది. నేను స్టవ్వు పక్కనే పేపరు చదువుతుండగా పాలు మాడి గిన్నె నల్లబడింది. ఆవిడ వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, వీధి చివరిదాకా కొడుతోంది మాడు వాసన! మీ ముక్కేమైంది?"

"పనిచేయట్లేదు," అన్నాను గొంతు తగ్గించి. "ఎవరికీ చెప్పకు."

"చెప్పుకునేంత గొప్పేముంది లెండి! ఇన్నేళ్లుగా మీ చొక్కాలు ఉతుకుతున్నాను, పోగు పోగుకీ నూనె వాసనే. పొద్దస్తమానం అందులో మునిగి తేలే మనిషికి కొత్తగా కారిన చుక్క వాసన తెలుస్తుందంటే నేనెప్పుడూ నమ్మలేదు."

నాకు ఒళ్లు మండింది. కానీ కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. తనిఖీకి పనికిరాని మనిషిని మా డిపోలో రికార్డు గదిలో కూర్చోబెడతారు. ఆ గదికి పెద్ద మా బావమరిది. మామూలుగా "బావా" అంటాడు, ఎగతాళి చేయాలంటే మాత్రం "బావగారూ" అని సాగదీస్తాడు. రిటైరయ్యేదాకా ఆ సాగదీత వినడం కన్నా ట్యాంకులో దూకడం నయమనిపించింది.

అందుకని, ముక్కు పోయిన సంగతి బయటపడకుండా, ముక్కున్నప్పుడు ఏనాడూ చేయని పని మొదలుపెట్టాను. కాగితంలో రాసినట్టే తనిఖీ చేశాను. మోకాళ్లు కిర్రుమన్నాయి. మేనేజరు చూసి, "అంత ముక్కుండి కూడా ఎంత శ్రద్ధండీ మీది!" అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. ఇలాంటివాటికి నా తల బాగా వంగుతుంది.

మూడో వారం, నాలుగో ట్యాంకు వెనకవైపు తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చింది. మళ్లీ తుడిచాను. మళ్లీ నలుపే. దిమ్మె చుట్టూ పరిచిన కంకర చేత్తో తీయబోతే కదల్లేదు. నూనె ఇంకి ఇంకి రాళ్లన్నీ ముద్దకట్టాయి. రేకుముక్కతో పెకలిస్తే పొర కింద పొర. ఒక వానాకాలం బురద, దాని మీద నూనె, మళ్లీ ఇంకో వానాకాలం బురద. ఆ తడి, కంకర కిందనుంచే పాక్కుంటూ అడ్డుగోడ వైపు పోయింది. గోడకు వేలు దూరేంత బీట. గోడకవతల కాలువ. ఆ నీళ్లతోనే మా వీధి చివరి కూరగాయల మళ్లు తడుస్తాయి.

బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాను. ఇది రెండేళ్ల సంగతి. అప్పుడు నా ముక్కు నిక్షేపంగా ఉంది.

"ఇవాళే మొదలైంది సార్" అంటే చాలు, శభాష్ అంటారు. కానీ ఇవాళ్టిదంటే పైకి కనిపించే చోట అతుకేసి ఊరుకుంటారు. ట్యాంకు ఖాళీ చేయరు, నేల తవ్వరు. పాతదంటే నేలనూ తవ్వుతారు, నన్నూ తవ్వుతారు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ధైర్యం కూడదీసుకుంటున్నానని అనుకోకండి, ఏం అబద్ధం చెబితే నేలను తవ్వి నన్ను వదిలేస్తారా అని ఆలోచిస్తున్నాను. ఏదీ తట్టలేదు.

గుడ్డ తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను.

"ఎప్పట్నుంచి కారుతోందంటారు?" అని అడిగారాయన.

"నా ముక్కు బాగా పనిచేసిన రోజుల నుంచి సార్."

ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను, ఆరో ట్యాంకు దగ్గర జారిపడ్డ రోజు నుంచి మొదలుపెట్టి. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ట్యాంకు ఖాళీ చేశారు. నేల తవ్వితే నూనె గోడకు మూరెడు దూరంలో ఆగి ఉంది. నన్ను రికార్డు గదికి పంపారు. అక్కడ మొదటి పని, నాలుగో ట్యాంకు పాత తనిఖీ కాగితాలు వెతికి తీయడం. రెండేళ్లవే వంద దాటాయి. అన్నిటి మీదా నా ముత్యాలే. బావమరిది వాటిని చూశాడు, నన్ను చూశాడు. "బావగారూ" కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.

"కిటికీ పక్కకొచ్చి కూర్చో బావా, గాలొస్తుంది," అన్నాడు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఉన్నట్టుండి కాఫీ వాసన తగిలింది. మా ఆవిడ సంబరపడిపోయింది.

"ఇవాళే ఆఫీసులో చెప్పండి. మీ పని మళ్లీ మీకిస్తారేమో."

"వద్దులే. చెబితే మళ్లీ ఈ ముక్కును నమ్మేస్తారు."

"ఎవరు? వాళ్లా, మీరా?"

కాఫీ అందుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.