ప్లగ్ తీసేసిన మిషన్ నుంచి వచ్చిన జవాబు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఇంజినీరింగ్ చదివాను, ప్రోగ్రాములు రాస్తాను. ఇది చదివి మీరు నవ్వినా తప్పు పట్టను. పాప పడుకుంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పటాన్‌చెరు దగ్గర కాలనీలో కిరాయికి ఉంటాం. మా ఆయన పని దగ్గర్లోని మందుల ఫ్యాక్టరీలో. పాపకు రెండేళ్లు, ఆయాసం ఉంది. గాలి ఫ్యాక్టరీల దిక్కు నుంచి మళ్లితే చాలు, దాని డొక్కలు ఎగిరిపడతాయి.

అందుకే గాలిలో కాలుష్యాన్ని కొలిచే చిన్న మిషన్ కొని కిటికీకి తగిలించాం. అది తన అంకెను కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. ఆ సర్వర్‌ను అడగడానికి కంపెనీవాళ్లే ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఇచ్చారు. దాన్ని నా ప్రోగ్రాంలో కలిపి, రహస్య కీ పెడితే చాలు, అడగడం, జవాబు తేవడం అదే చూసుకుంటుంది. ఇంట్లో లాప్‌టాప్ నుంచి పది నిమిషాలకోసారి అడిగేలా పెట్టాను. అంకె రెండు వందలు దాటితే నా ఫోన్ మోగుతుంది.

ఆ రోజు పాపను అత్తమ్మకు అప్పజెప్పి సంగారెడ్డి వెళ్లాను. మధ్యాహ్నం రెండూ పదికి ఫోన్ మోగింది. నాలుగు వందల పన్నెండు. వెంటనే అత్తమ్మకు చేశాను.

"వాసన ఏం లేదు బిడ్డా. నీ మిషన్‌కే ఏదో రోగమొచ్చింది."

"నీ కాళ్లు మొక్కుతా అత్తమ్మా, పాపను ఎత్తుకొని జల్దీ కొల్లూరు పో."

కొల్లూరులో మా ఆడబిడ్డ ఉంటుంది. నన్ను తిట్టుకుంటూనే అత్తమ్మ ఆటో ఎక్కింది. వాళ్లు వెళ్లిన కాసేపటికి ఘాటు వాసన కాలనీని కమ్మేసింది. కళ్లు మండి కిటికీలు మూసేటప్పటికి రెండున్నర దాటిందని పక్కింటామె చెప్పింది.

సాయంత్రం వచ్చి చూస్తే మిషన్ ప్లగ్ కింద వేలాడుతోంది.

"పొద్దుగాల ఫోన్ చార్జింగ్‌కని తీసిన. మళ్ల పెట్టుడు మరిచిపోయిన," అంది అత్తమ్మ.

లాప్‌టాప్‌లో చూశాను. పొద్దుటి నుంచీ ప్రతిసారీ 'మిషన్ అందుబాటులో లేదు' అనే జవాబే ఉంది, రెండూ పదిది తప్ప. ఆ జవాబులో గాలిని కొలిచిన సమయం రెండూ ముప్పై ఒకటి అని ఉంది. అంటే అప్పటికింకా రాని సమయం.

లైబ్రరీ పాత జవాబేదో దాచి ఇచ్చిందేమో అనుకున్నాను. నాలుగు వందల పన్నెండు అంతకు ముందు ఒక్కసారీ రాలేదు. కంపెనీకి రాస్తే, ఆ రోజు మీ మిషన్ నుంచి మాకేమీ రాలేదు అన్నారు.

ఇక మిగిలింది మా ఆయన. కీ తెలిసిన రెండో మనిషి ఆయనే. కీ ఉంటే బయటి నుంచి అంకె పంపనూ వచ్చు. వాసన వస్తుందని ముందే తెలిసి, పైవాళ్లకు భయపడి, నాకొక్కదానికే ఇలా చెప్పాడా? మరి కాలనీలో మిగతా పిల్లలు? కానీ ఫ్యాక్టరీలో పనివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. అయినా అడిగాను.

"రిమోట్ల సెల్లు మార్చుడే నాకు రాదంటవ్. గిదెట్ల చేస్తనే?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. ఆయన ముఖం మారిపోయింది. "పాప మీద ఒట్టు," అంటూ నిద్రపోతున్న దాని తల మీద చెయ్యి పెట్టబోయాడు.

గబుక్కున పాపను నా వైపు లాక్కున్నాను.

రెండు నెలలైంది. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన అబద్ధమాడుతున్నాడని లాక్కున్నానా, ఒట్టుకే భయపడ్డానా, అదీ తెలియదు. ఇప్పుడు పాపను ఎత్తుకోబోయే ముందు ఆయన ఒకసారి నా వైపు చూస్తాడు.