పడవకు ముందేది?

మైలవరం జలాశయంలో పిల్లలకు రోయింగ్ నేర్పించాలని కొందరు తల్లిదండ్రులం అనుకున్నాం. మాలో ఈత వచ్చింది నాకొక్కడికే కాబట్టి కోచ్ పని నా నెత్తిన పడింది. ఈతకూ తెడ్డుకూ ఏం సంబంధమో ఎవరూ చెప్పలేదు.

పడవ వచ్చిన రోజు కొత్త ట్రాక్టరుకు చేసినట్టే పూజ మొదలుపెట్టాం. నిమ్మకాయలు ముందు కట్టాలి. ముందేది? రెండు కొసలూ ఒకేలా సూదిగా ఉన్నాయి. పిల్లలు కూర్చుని ఎటు చూస్తారో అదే ముందని తేల్చేశాను. అక్కడే కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాం.

తెడ్లు వేయగానే పడవ పిల్లల వీపుల వైపు కదిలింది. నిమ్మకాయలు వెనక వేలాడుతూ పోయాయి.

"ఏందప్పా, రివర్సులో పోతాండాది?" అన్నాడు పక్కనున్న తండ్రి ఒకాయన.

"అది అట్లే పోతాది," అని కసిరాను. నాకూ నమ్మకం లేదు. రోయింగ్ పడవ వీపుల వైపే పోతుందని తర్వాతే తెలిసింది.

ఒడ్డుకొచ్చాక నా కూతురు అడిగింది. "నాయనా, మాకు ముందర కనపడదు కదా. ఏముందో ఎవురు చెప్పాల?"

"నేను చెప్తాలే," అన్నాను.

సీజనంతా గట్టు మీద నిలబడి అరిచాను. పడవ దూరం పోయేకొద్దీ ముందేముందో నాకూ కనబడలేదు. నా కూతురు మాత్రం నన్నే చూస్తూ పోయింది.